టీకా సీసా మీది వీవీఎం స్టిక్కర్: ఇరవై ఏళ్లు వాడాక నా అభిప్రాయం

నా చిటికెన వేలి గోరంత ఉంటుందది. ఊదారంగు గుండ్రం, దాని మధ్యలో లేత రంగులో చిన్న చదరం. టీకా సీసా లేబుల్ మీదో, మూత మీదో అంటించి ఉంటుంది. పూర్తి పేరు వ్యాక్సిన్ వయల్ మానిటర్. మేమంతా వీవీఎం అంటాం. నర్సుగా ఇరవై ఏళ్లుగా టీకాలు వేస్తున్నాను. ఈ ఇరవై ఏళ్లలో ఫ్రిజ్‌లు మారాయి, సిరంజీలు మారాయి, రిజిస్టర్ల పక్కన ట్యాబ్‌లు వచ్చి చేరాయి. క్యారియర్ (టీకాలు మోసుకెళ్లే ఐస్ పెట్టె) లోంచి ఏ సీసా తీసినా నా కళ్లు మొదట వెతికేది మాత్రం ఈ చదరాన్నే. ఫోన్లకీ కార్లకీ పేజీల కొద్దీ రివ్యూలు వస్తాయి. పసిపిల్లల ప్రాణాలతో ఇంత దగ్గరగా ముడిపడిన ఈ స్టిక్కర్ గురించి దాన్ని రోజూ వాడేవాళ్లు రాసింది నాకెక్కడా కనిపించలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు అది ఏం చేస్తుందో చెబుతాను. చదరంలో డైఎసిటిలీన్ జాతి రసాయనం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ దాని అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుపోతాయి, అలా అతుక్కునేకొద్దీ రంగు ముదురుతుంది. మళ్లీ చల్లటి చోట పెడితే ముదరడం నెమ్మదిస్తుంది, కానీ ముదిరిన రంగు వెనక్కి పోదు. చుట్టూ ఉన్న గుండ్రం మారదు, అది మనం పోల్చుకోవడానికి. చదరం గుండ్రం కంటే లేతగా ఉందంటే, గడువు తేదీ కూడా దాటకపోతే, ఆ టీకా వాడొచ్చు. రెండూ ఒకే రంగుకి వచ్చాయంటే ఆ సీసా పని అయిపోయినట్టే. గుండ్రం కంటే ముదిరిపోతే ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉంది కదా, ఇదెందుకని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. మామూలు థర్మామీటర్ నేను చూసిన క్షణాన ఆ ఫ్రిజ్‌లో ఎంత ఉందో చెబుతుంది. ఈ చదరం తయారీ దగ్గర నుంచి నా చేతిలోకి వచ్చేదాకా ఈ ఒక్క సీసా మొత్తంగా ఎంత వేడి భరించిందో చెబుతుంది. విమానాశ్రయంలో ఎండలో ఆగిన పూట, వ్యాన్ చెడిపోయిన రాత్రి, ఎవరో బల్ల మీద పెట్టి మరిచిపోయిన మధ్యాహ్నం, అన్నీ దాని లెక్కలోకి వస్తాయి. మధ్యలో ఎవరు పొరపాటు చేశారో నాకు తెలియదు, తెలుసుకునే దారీ ఉండదు. కానీ వరుసలో చివరన నిలబడి సూది గుచ్చేది నేను. నా చేతికి ఆధారం ఇచ్చింది ఈ స్టిక్కరే.

ఒక వేసవిలో జరిగింది చెప్తాను. అప్పుడు నేను వేరేచోట పనిచేసేదాన్ని. మూడు రోజుల సెలవు తర్వాత తలుపు తీస్తే ఫ్రిజ్ చప్పుడు లేదు. గది కొలిమిలా ఉంది. మా జూనియర్ అమ్మాయి ఫ్రిజ్ మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, ముఖం పాలిపోయి నా వైపు చూసింది.

"అక్కా, ఐస్ మొత్తం కరిగిపోయింది. అన్నీ పారేయాల్సిందేనా?"

"ముందు కిటికీ దగ్గరికి తీసుకురా. ఒక్కొక్కటీ చూద్దాం."

తెల్ల కాగితం పరిచి సీసాలు వరుసగా పెట్టాం. పోలియో చుక్కల సీసాల్లో చదరం గుండ్రంతో కలిసిపోయింది. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ మీద కొంచెం ముదిరింది, అయినా తేడా స్పష్టంగా ఉంది. కాలేయ జబ్బుకి వేసే హెపటైటిస్ బి మీద మార్పు దాదాపు లేదు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఒకే ఫ్రిజ్, ఒకే మూడు రోజులు, మరి ఇంత తేడా ఎందుకు?

ఈ స్టిక్కర్‌లో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి అదే. అన్ని టీకాలకూ ఒకే స్టిక్కర్ కాదు. 2, 7, 14, 30 అని రకాలున్నాయి. 37 డిగ్రీల వేడిలో ఎన్ని రోజులకు చదరం గుండ్రంతో కలుస్తుందో ఆ అంకె చెబుతుంది. పోలియో చుక్కలు వేడికి చాలా సున్నితం, వాటికి 2. హెపటైటిస్ బి గట్టిది, దానికి 30. అంటే టీకా ఓపికను బట్టి స్టిక్కర్ ఓపిక. ఆ రోజు మేం పోలియో సీసాలు పక్కన పెట్టి రాతపూర్వకంగా పైకి తెలియజేశాం. మిగతావి వేరే కేంద్రం ఫ్రిజ్‌కి పంపాం, రంగు కాస్త ముదిరినవి ముందు వాడమని సీసాల డబ్బా మీద రాసి మరీ. గడువు తేదీ ఇంకా దూరంలో ఉన్నా సరే, ముదురుతున్న సీసాయే ముందు వాడాలి. ఈ నియమం చాలామందికి గుర్తుండదు.

మా సీనియర్ సిస్టర్ ఒకావిడ ఈ స్టిక్కర్ రాకముందు రోజులు చూసింది. ఫ్రిజ్ ఆగిందంటే అనుమానం మీదే మొత్తం పారబోసేవాళ్లమని చెప్పేది. పారబోయకపోతే మరీ ఘోరం, చచ్చిపోయిన మందు పిల్లలకు వేసి, కార్డు మీద టిక్కు పెట్టి, ఇక భయం లేదని తల్లిని పంపేసినట్టు. ఆ పిల్లవాడు లెక్కల్లో టీకా పడ్డవాడే. ఒంట్లో మాత్రం రక్షణ ఉండదు. ప్రపంచ పటం మీద ఏ దేశంలో ఎంత శాతం మందికి టీకా అందిందో రంగులు వేసి చూపిస్తారు కదా, ఆ శాతం వెనక ఇలాంటి సీసాలు ఎన్నున్నాయన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. నా దృష్టిలో ఈ స్టిక్కర్ విలువ అక్కడ తేలుతుంది.

దీన్ని మొదట అంటించింది పోలియో చుక్కల సీసాలకే, 1996లో. పాత్ అనే సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి తెచ్చిన మార్పు అది. ఎందుకు పోలియోతో మొదలైందో ఇంటింటికీ తిరిగినవాళ్లకి తెలుసు. 1988లో పోలియోను నిర్మూలించాలని ప్రపంచ దేశాలు తీర్మానించుకున్నప్పుడు 125కి పైగా దేశాల్లో ఏటా దాదాపు 3.5 లక్షల మంది పిల్లలకు అది పక్షవాతం తెచ్చేది. ఇప్పుడు సహజ పోలియో వైరస్ వ్యాప్తి తెగనిది అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లలోనే. సహజ పోలియో వైరస్‌లో మూడు రకాలుండేవి, వాటిలో రెండో రకం అంతమైందని 2015లో, మూడో రకం అంతమైందని 2019లో ధ్రువీకరించారు. మిగిలింది ఒకటో రకం. ఆ చుక్కలు కొండలెక్కి, పడవల్లో దాటి, యుద్ధం జరుగుతున్న చోట్లకూ వెళ్లాయి. వెళ్లిన ప్రతిచోటా ఫ్రిజ్ ఉండదు. సీసా మీద చదరం ఉంది కాబట్టే, ఐస్ కరిగినా మందు బతికుందో లేదో అక్కడికక్కడే చూసి, ఆఖరి ఇంటిదాకా వెళ్లగలిగారు.

మశూచి నుంచి నేర్చుకున్న పాఠం కూడా ఇదేనని నాకనిపిస్తుంది. మశూచి పోయిందంటే అందరూ టీకా గొప్పదనం చెబుతారు. ఆ టీకాను పొడిగా ఆరబెట్టి తయారు చేసే పద్ధతి గురించి తక్కువ మాట్లాడతారు. ఆ పొడి 37 డిగ్రీల దగ్గర కూడా నెల రోజులు నిలిచేది. కోల్డ్ చైన్, అంటే టీకాను దారి పొడవునా చల్లగా ఉంచే ఏర్పాటు, అందని చోటుకి వెళ్లగలిగింది కాబట్టే 1980లో ఆ జబ్బు భూమ్మీద లేదని ప్రకటించగలిగారు. సహజంగా మశూచి సోకిన ఆఖరి మనిషి సోమాలియాలోని మెర్కాలో ఆసుపత్రి వంటవాడు అలీ మావ్ మాలిన్, 1977లో. కోలుకున్నాడు. తర్వాత చాలా ఏళ్లకు తన దేశంలో పోలియో చుక్కల ప్రచారంలో పనిచేశాడు, 2013లో ఆ పని మధ్యలోనే మలేరియాతో పోయాడు. ఒక జబ్బుకి ఆఖరి రోగి, ఇంకో జబ్బుని ఆపడానికి ఇంటింటికీ తిరిగిన కార్యకర్త. ఆయన పట్టుకు తిరిగిన సీసాల మీద కూడా ఈ చదరమే ఉండి ఉంటుందనుకుంటే నాకు మనసు నిండుతుంది.

హెపటైటిస్ బి దగ్గర ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే 30 అంకె అసలు బలం అక్కడ తెలుస్తుంది. 2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో 25.4 కోట్ల మంది ఒంట్లో ఈ వైరస్ దీర్ఘకాలంగా ఉంది, ఆ ఏడాది 11 లక్షల మంది దానివల్ల చనిపోయారు. చాలామందికి అది పుట్టేటప్పుడు తల్లి నుంచే వస్తుంది. పుట్టిన 24 గంటల్లోపు టీకా పడితే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. కానీ అప్పటికి అలా సకాలంలో టీకా పడుతున్నది నూటికి 45 మంది పిల్లలకే. కాన్పు ఏ అర్ధరాత్రో ఇంట్లోనే అయిపోతే, ఫ్రిజ్ ఉన్న కేంద్రం పొద్దున తెరిచి, ఎవరో టీకా తెచ్చేసరికి గడియారం దాటిపోతుంది. ఇండోనేషియాలో మంత్రసానులు ముందే మందు నింపిన సూదులను ఫ్రిజ్ లేకుండా తమ దగ్గరే ఉంచుకుని, స్టిక్కర్ చూసి, కాన్పు అయిన ఇంట్లోనే బిడ్డకు వేసిన అనుభవం ఉంది. గోరంత స్టిక్కర్ ఇచ్చిన ధైర్యం అది.

ఆఫ్రికాలో మెనింజైటిస్ ఎ (మెదడు పొరల వాపు జబ్బులో ఒక రకం) టీకా మరో అడుగు ముందుకు వేసింది. 2012లో ఆ టీకాను 40 డిగ్రీలు దాటకుండా నాలుగు రోజుల వరకు ఫ్రిజ్ బయట ఉంచవచ్చని అనుమతి వచ్చింది, బెనిన్‌లో అలా వాడారు కూడా. ఐస్ ప్యాక్‌లు గడ్డకట్టించడం, మోయడం తప్పితే ఎంత పని తగ్గుతుందో మా భుజాలకు తెలుసు. 2017 తర్వాత ఆ రకం మెనింజైటిస్ కేసు ఆ ప్రాంతంలో నమోదు కాలేదు.

ఇంత మెచ్చుకున్నాను. ఇప్పుడు దీని పెద్ద లోపం చెప్పాలి, అది చెప్పకపోతే ఈ రివ్యూ రాయడమే తప్పు.

ఈ చదరానికి చలి కనిపించదు. టీకా గడ్డకట్టిందా లేదా అన్నది దీనికి అస్సలు తెలియదు. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాల్లాంటివి ఒక్కసారి గడ్డకడితే పాడైపోతాయి. వాటిలో కలిపే అల్యూమినియం లవణం గడ్డకట్టి కరిగాక ముద్దలు కడుతుంది, మందు శక్తి పోతుంది. అప్పుడు కూడా చదరం మొదటి రోజులాగే లేతగా మెరుస్తూ ఉంటుంది. ఇంకా చెప్పాలంటే గడ్డకట్టిన సీసా మీదే అది అందంగా ఉంటుంది. సైన్స్ చదవనివాళ్లకే కాదు, ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లకు కూడా ఆ లేత రంగు చూస్తే ధీమా వచ్చేస్తుంది. ఆ ధీమా ప్రమాదం.

మాకు జరిగింది. ఫ్రిజ్‌లో ఎవరో సీసాలను బుట్టలో పెట్టకుండా అడుగున, ఐస్ గోడకు ఆనించి సర్దారు. సర్దిన మనిషి పేరు నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. వారం తర్వాత ఉష్ణోగ్రత రికార్డు దింపితే రెండు రాత్రులు సున్నా కిందికి పోయినట్టు ఉంది. సీసాలన్నింటి మీదా చదరాలు చక్కగా ఉన్నాయి. షేక్ టెస్ట్ చేశాం. అదే బ్యాచ్‌లో ఒక సీసాను కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న సీసాతో కలిపి ఒకే చేత్తో బాగా ఊపి, పక్కపక్కన బల్ల మీద పెట్టాలి. అరగంట చూడాలి. గడ్డకట్టిన మందులో తెల్లటి తరకలు త్వరగా అడుగుకు దిగుతాయి, పైన నీళ్లలా తేరుకుంటుంది. బాగున్న మందు మబ్బుగా అలాగే నిలబడుతుంది. మేం బల్ల మీదికి వంగి ఊపిరి బిగబట్టి చూశాం. రెండు సీసాలూ ఒకే వేగంతో తేరుకున్నాయి.

సీసాలు పారేయడం తేలిక. ఆ వారంలో అవి వేసిన పిల్లల సంగతో? రిజిస్టర్ తీసి ఒక్కొక్క పేరుకీ ఫోన్ చేశాం. మళ్లీ డోసు వేయాలని పై అధికారులు చెప్పారు. "మొన్ననే వేశారు కదమ్మా, మళ్లీ గుచ్చుతారా?" అని ఒక అమ్మమ్మ అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెప్పారు కాబట్టి తీసుకొస్తాం" అంది. వాళ్లందరూ వచ్చేదాకా నాకు రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టలేదు.

కాబట్టి మార్కులు ఇవ్వాలంటే వేడి విషయంలో ఐదుకి ఐదు ఇస్తాను. చలి విషయంలో సున్నా. గడ్డకట్టడం గురించి చెప్పే పరికరాలు వేరే ఉన్నాయి, ముప్పై రోజుల ఉష్ణోగ్రత రాసుకునేవీ ఉన్నాయి, కానీ అవి డబ్బాకో ఫ్రిజ్‌కో ఒకటి చొప్పున ఉంటాయి, సీసా సీసాకీ ఉండవు. ఐస్ ప్యాక్‌కీ సీసాకీ మధ్య అడ్డుపొర ఉండే కొత్త రకం క్యారియర్లు 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదంతో వస్తున్నాయి. అవి లేనిచోట ఐస్ ప్యాక్‌ని బయటపెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే క్యారియర్‌లో పెట్టాలి. పొద్దున్నే జనం వరుసలో ఉన్నప్పుడు ఆ కాసేపు ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆగాలి. టీకాలు గడ్డకట్టడం పేద దేశాల సమస్య మాత్రమే అనుకోవద్దు, ధనిక దేశాల ఫ్రిజ్‌లలో కూడా ఇది జరుగుతోందని అధ్యయనాలు చెబుతున్నాయి.

స్టిక్కర్ ఎక్కడ అంటించారన్నది కూడా ఒక సమాచారమే, ఇది నాకు బాగా నచ్చిన ఆలోచన. లేబుల్ మీద ఉంటే, ఆ టీకా అనుమతి, ఇతర షరతులు సరిపోతే, తెరిచిన సీసాను 28 రోజుల వరకు వాడుకోవచ్చు. మూత మీదో మెడ మీదో ఉంటే, మూత తీయగానే స్టిక్కర్ కూడా పోతుంది. ఇక దాని పూచీ లేదని అర్థం. తట్టు, బీసీజీ లాంటి పొడి టీకాలు అలాంటివి. నీళ్లు కలిపాక ఆరు గంటలు లేదా ఆ పూట పని ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకే. తట్టు టీకా కలిపాక 37 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంటే శక్తి దాదాపు అంతా పోతుంది. శక్తి పోవడం ఒక్కటే కాదు, అందులో సూక్ష్మజీవులు చేరితే బిడ్డ ప్రాణానికే ముప్పు.

తట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక రోగి నుంచి, రక్షణ లేని జనంలో 12 నుంచి 18 మందికి అంటుకునే జబ్బు అది. వ్యాప్తి ఆగాలంటే నూటికి 95 మందికి రెండు డోసులు పడాలి. 2024లో ప్రపంచంలో మొదటి డోసు అందింది 84 శాతానికి, రెండోది 76 శాతానికి. 2023లో సుమారు 1.03 కోట్ల మందికి తట్టు వచ్చింది, లక్షకు పైగా చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. ఒక్క డోసు కూడా ఏ టీకా అందని పసివాళ్లు 2024లో 1.43 కోట్ల మంది. గత యాభై ఏళ్లలో టీకాలు కాపాడిన ప్రాణాలు 15.4 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో లెక్కగట్టారు, అందులో పెద్ద వాటా తట్టు టీకాదే. ఇన్ని కష్టాలు పడి ఒక బిడ్డ దాకా చేరిన ఆ ఒక్క డోసు పనిచేయనిదైతే, అంతకంటే అన్యాయం ఇంకొకటి ఉండదు.

కోవిడ్ సమయంలో మొదట వచ్చిన చాలా టీకాల మీద ఈ స్టిక్కర్ లేదు. సీసా చేతిలోకి తీసుకుని అలవాటుగా చదరం కోసం తిప్పి చూసి, కనిపించక ఆగిపోవడం నాకింకా గుర్తుంది. గంటలు లెక్కపెట్టుకుంటూ, సీసాల మీద పెన్నుతో టైం రాసుకుంటూ పనిచేశాం. చాలా టెన్షన్‌గా ఉండేది. ఇన్నేళ్లు ఆ చదరం మీద ఎంత ఆధారపడ్డానో అప్పుడే తెలిసింది.

చిన్న ఇబ్బందులు కూడా ఉన్నాయి. మసక వెలుతురులో ముదురు, మరీ ముదురు తేడా తెలియదు. గుండ్రంతో కలిసిపోయే దశకు దగ్గరగా ఉన్న సీసా విషయంలో ఇద్దరం చూస్తే రెండు మాటలు వస్తాయి. అలాంటప్పుడు నేను కిటికీ వెలుగులో చూస్తాను, మరొకరికి చూపిస్తాను, అయినా అనుమానం తీరకపోతే పక్కన పెట్టేస్తాను. కొత్తవాళ్లు చదరం పూర్తి తెల్లగా లేకపోతే పాడైందనుకుని మంచి సీసాలు కూడా పారేస్తుంటారు. అందుకే చేరిన మొదటి రోజే నాలుగు దశల బొమ్మ కాదు, నాలుగు నిజమైన ఖాళీ సీసాలు చేతిలో పెట్టి చూపిస్తాను.

పిల్లలకు టీకా వేయించేవాళ్లు ఒకసారి సీసా చూపించమని నర్సుని అడగండి. మాకు కోపం రాదు. పోయిన నెలలో ఒక నాన్న అడిగాడు, చంకలో మూడున్నర నెలల పాప. సీసా ఆయన చేతికిచ్చాను. వెలుగు వైపు తిప్పుకుని, కళ్లు చిట్లించి, చాలాసేపు చూశాడు. "మధ్యది లేతగానే ఉంది సిస్టర్" అన్నాడు. సరే అని, సీసా తీసుకుని బాగా ఊపి, అడుగున తరకలేమీ లేవని నేను చూసుకుని, అప్పుడు సిరంజిలోకి మందు తీశాను.